రోస్టర్‌లో లేని కెప్టెన్

మా కెప్టెన్‌ను కంపెనీ ఉద్యోగంలోంచి తీసేయలేదు. పిలవడం మానేసింది, అంతే. ఈ రెండిటికీ తేడా ఏమిటని చాలామంది అడిగారు. తీసేస్తే మనిషి ఇంకోచోటికి పోయి బతుకుతాడు. పిలవడం మానేస్తే ఎక్కడికీ పోలేడు.

నేను భిలాయిలో పుట్టి పెరిగాను. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో చేరి, అక్కడే రిటైరయ్యాడు. యూనియన్ మనిషి. నాయకుడేమీ కాదు, ఊరేగింపులో జెండా పట్టుకుని నడిచేవాళ్ళలో ఒకడు. నేను పైలట్‌నయ్యాక రాయపూర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో కో-పైలట్‌గా చేరాను. అది టిక్కెట్లమ్మే విమాన సంస్థ కాదు. చిన్న విమానాలను వ్యాపారులకూ రాజకీయ నాయకులకూ అద్దెకు తిప్పేది. ఫోన్ మోగితే వెళ్ళాలి. వాళ్ళు ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్ళాలి, ఎంతసేపు ఉండమంటే అంతసేపు ఉండాలి.

కెప్టెన్ కూడా భిలాయి తెలుగువాడే. అక్కడే ఖుర్సీపార్‌లో పుట్టి, పెద్దయ్యాక కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాడు. భార్య, కాలేజీలో చదివే కూతురు. విమానంలో నాతో ఇంగ్లీషు తప్ప ఇంకో మాట మాట్లాడేవాడు కాదు. ఇంజిన్లు ఆగాకనే తెలుగు. "చెల్లెమ్మా, ఆకలేస్తంది, ఏటైనా తిందాం పద" అనేవాడు. నేను అప్పుడు అన్నయ్య అని పిలిచేదాన్ని. అంతవరకూ ఆయన నాకు సార్, నేను ఆయనకు కో-పైలట్‌ని.

అన్నిటికీ మొదలు ఎన్నికల రోజుల్లో జరిగింది. ఒక నాయకుణ్ణి ఎక్కించుకుని ఊళ్ళు తిరుగుతున్నాం. పైలట్‌కు ఇంత విశ్రాంతి ఇవ్వాలని నియమాలున్నాయి. మా ఆఫీసు, నాయకుడి సభ అయ్యేదాకా మేము విమానాశ్రయంలో ఇనప కుర్చీల మీద కూర్చున్న సమయాన్నంతా విశ్రాంతి కింద రాసుకునేది. అలా కొన్ని రోజులు గడిచాక ఒక సాయంత్రం ఖాళీ విమానంతో రాయపూర్‌కు తిరిగి వస్తున్నాం. ఎదురుగా ఎండ. ఆటోపైలట్ నడుస్తోంది. నాకు ఒక్కటే గుర్తుంది, చెవిలో ఎవరో మా విమానాన్ని పిలుస్తున్నారు. కళ్ళు తెరిచి చూస్తే పక్క సీట్లో కెప్టెన్ గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది. ఇద్దరం నిద్రపోయాం. కంట్రోల్ టవర్ నుంచి ఒకావిడ అప్పటికే చాలాసార్లు పిలిచిందట. కిందికి దిగడం మొదలుపెట్టాల్సిన చోటు దాటిపోయాం.

నేను భుజం తట్టగానే లేచాడు. విమానాన్ని తిప్పి, మెల్లగా దించి, ఆపాడు. ఇంజిన్లు ఆగాక కూడా చాలాసేపు బెల్టు విప్పలేదు.

"నేను రిపోర్టిస్తాను చెల్లెమ్మా. ఇద్దరం పడుకున్నామనే రాస్తాను."

"ఏమంటారో అన్నయ్యా?"

"ఏమన్నా అననీ. ఈ రోజు ఎనకాల ఎవలూ లేరు. రేపు ఉంటారు."

రిపోర్టు వెళ్ళాక ఆపరేషన్స్ మేనేజర్ ఆయన్ని పిలిచి, నిద్రపోయినందుకు కాదు, రాసినందుకు కోప్పడ్డాడు. కెప్టెన్ బయటికొచ్చి నాతో, "ఇది మనిద్దరి సంగతి కాదు. అందర్నీ కూర్చోబెట్టాలి" అన్నాడు. రాయపూర్‌లో కూర్చుంటే కంపెనీకి తెలిసిపోతుంది. అందుకని ఒక ఆదివారం భిలాయి సెక్టర్ 6లో మా క్వార్టర్‌కు రమ్మన్నాను.

పదిమందికి పైగా వచ్చారు. పంజాబీలు, బెంగాలీలు, ఇక్కడి ఛత్తీస్‌గఢ్ వాళ్ళు. ఖరీదైన చొక్కాలు, నల్ల కళ్ళద్దాలు. కుర్చీలు చాలక నవారు మంచం మీద సర్దుకుని కూర్చున్నారు. అమ్మ ఉప్మా పెట్టింది. నాన్న గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. యూనియన్ అనే మాట ఎవరి నోటా రావడం లేదు. ఒకతను అసోసియేషన్ అన్నాడు, ఇంకొకతను ఫోరమ్ అన్నాడు. చివరికి నాన్న తన ప్లాంటు హిందీలో అడిగాడు. "ఆప్ లోగ్ కా గేట్ కిధర్ హై?"

ఎవరికీ అర్థం కాలేదు. నాన్న నా వైపు తిరిగాడు.

"మీ గేటెక్కడే? షిఫ్టు దిగినోడూ ఎక్కినోడూ ఒకలికొకలు ఎదురయ్యే చోటు. ఒకడు రాకపోతే, ఆడేడిరా, ఏటైందిరా అని అక్కడే కదా అడుగుతాం. మీకలాటి చోటే లేదేటి?"

నేను హిందీలో చెప్పాను. దుర్గ్ నుంచి వచ్చిన కుర్ర కో-పైలట్ నవ్వుతూ, "అంకుల్, వాట్సాప్ గ్రూప్ హై నా" అన్నాడు. అతనివాళ్ళది విజయనగరం. తెలుగు వచ్చు గానీ నోట్లోంచి హిందీయే ముందొస్తుంది. కెప్టెన్ అతన్ని కంపెనీలో పెట్టించి, దగ్గరుండి నేర్పించాడు. ఆ మాటకు అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. సరేనని తలూపాడు.

ఆ రోజు సంఘం పెట్టుకున్నాం. కెప్టెన్ అధ్యక్షుడు. మేము అడిగినవి పెద్దవేమీ కావు. ఎవరు ఎప్పుడు ఎగరాలో రాసే రోస్టర్ ముందుగా ఇవ్వండి. ఎదురుచూపును విశ్రాంతిగా రాయకండి. అలసిపోయానని పైలట్ చెబితే శిక్షించకండి.

యజమాని మమ్మల్ని తన గదికి పిలిచి కాజూ బర్ఫీ పెట్టించాడు. అందరికీ చేతులు జోడించాడు. "ఆప్ లోగ్ మజ్దూర్ థోడే హైఁ, ఆప్ తో పరివార్ హైఁ" అన్నాడు. మీరు కూలీలు కారు, నా కుటుంబం. యూనియన్లు ఫ్యాక్టరీల్లో ఉంటాయి, ఆకాశంలో కాదని కూడా అన్నాడు. కెప్టెన్ మర్యాదగానే జవాబిచ్చాడు. "కుటుంబమైతే మాకు నిద్ర అవసరమని మీకు తెలియాలి కదా సార్."

కొన్నాళ్ళు బాగానే నడిచింది. రోస్టర్ ముందే వచ్చేది. తరవాత పైలట్లను ఒక్కొక్కరినే లోపలికి పిలవడం మొదలుపెట్టారు. ఒకరికి కెప్టెన్ హోదా, ఒకరికి కొత్త విమానం మీద శిక్షణ, ఒకరికి ఊరు మార్పు. దుర్గ్ కుర్రాడికి భుజం మీద కెప్టెన్లు పెట్టుకునే నాలుగో పట్టీ వచ్చింది. ఏ గదిలో ఏం మాట్లాడారో ఎవరూ బయట చెప్పలేదు. గ్రూపులో పండగ శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు.

ఒక వారం రోస్టర్‌లో కెప్టెన్ పేరు లేదు. పొరపాటేమో అనుకున్నాం. మరుసటి వారమూ లేదు. అడిగితే, సార్‌కు విశ్రాంతి కావాలి కదా, ఇస్తున్నాం అన్నారట. ఆయన రాజీనామా చేస్తానన్నాడు. మా పనిలో కెప్టెన్లు మానేయాలంటే నెలల తరబడి నోటీసు ఇవ్వాలి, కంపెనీ వదిలితే తప్ప ఇంకోచోట చేరడానికి లేదు. వాళ్ళు వదలలేదు. ఎగరని పైలట్ చేతిలోంచి పని జారిపోతుంది. పరీక్షలు, అనుమతులు ఒక్కొక్కటే గడువు తీరిపోతాయి. అది వాళ్ళకూ తెలుసు.

చివరికి మేమంతా ఒక మాటనుకున్నాం. ఆయన్ని రోస్టర్‌లోకి తీసుకునేదాకా ఎవరమూ డ్యూటీకి వెళ్ళం. ఫలానా ఉదయం అందరం కోహ్కాలో కెప్టెన్ ఇంట్లో కలుస్తాం, ఫోన్లు ఆపేసి బల్ల మీద పెడతాం. అందరూ ఒప్పుకున్నారు. గ్రూపులో అందరూ చెయ్యెత్తిన బొమ్మలు పెట్టారు.

ఆ ఉదయం నేను వెళ్ళేసరికి కెప్టెన్ భార్య, మా వదిన, పెద్ద గిన్నె నిండా పోహా, అదే అటుకుల ఉప్మా, చేసి మూతపెట్టింది. రిటైర్‌మెంటుకు దగ్గర పడిన ఒక బెంగాలీ కెప్టెన్ వచ్చాడు. ముగ్గురం కూర్చున్నాం. వీధిలో స్కూటరు చప్పుడైనప్పుడల్లా వదిన తలుపు దాకా వెళ్ళొచ్చింది. ఇంకెవరూ రాలేదు.

కెప్టెన్ ఫోన్ తీసి, విమానాలు ఎక్కడున్నాయో చూపించే యాప్ తెరిచాడు. మా కంపెనీ విమానాలు ఒక్కొక్కటిగా రాయపూర్ నుంచి లేస్తున్నాయి. ఒకటి కెప్టెన్ ఎప్పుడూ నడిపే విమానం. రోస్టర్ ప్రకారం అది దుర్గ్ కుర్రాడి చేతిలో ఉంది.

నాకు ఏడుపొచ్చింది. "చూశావా అన్నయ్యా, వీడు కూడా" అన్నాను.

ఆయన ఫోన్ మోకాలి మీద పెట్టుకుని ఆ విమానాన్నే చూస్తూ కూర్చున్నాడు. దారిలో మబ్బులున్నాయేమోనని వాతావరణం కూడా చూశాడు. మా పోహా చల్లారిపోయింది. చాలాసేపటికి తలెత్తాడు.

"దిగేడు. బాగానే దింపేడు" అన్నాడు.

వదిన అటు తిరిగి గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తరవాత జరిగింది తొందరగానే చెప్పేస్తాను. బెంగాలీ కెప్టెన్ రిటైరై కలకత్తా వెళ్ళిపోయాడు. నా పేరూ రోస్టర్‌లోంచి పోయింది. కో-పైలట్‌ను కాబట్టి నా నోటీసు తొందరగా తీరింది. దక్షిణాదిలో ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది, వెళ్ళిపోయాను. కెప్టెన్ నోటీసు అప్పటికింకా తీరలేదు. ఆ నెలల్లోనే ఆయనకు ఛాతీలో నొప్పి మొదలైంది. గుండెకు స్టెంటు వేశారు. పైలట్లకు చేసే వైద్య పరీక్షలో ఎగరడానికి పనికిరాడన్నారు. అప్పుడు కంపెనీ ఆయన్ని వదిలేసింది. చాలా మర్యాదగా, శాలువా కప్పి మరీ.

వదిన ఫోన్లో నాతో, "మనిషి బతికున్నాడమ్మా, అదే చాలనుకుంటన్నాను. గానీ పొద్దున్నే లేచి బూట్లు తుడుచుకుంటన్నాడు. ఎక్కడికెళ్తాడని?" అంది.

కొన్నాళ్ళకు ఆయన ఖుర్సీపార్‌లో తమ్ముడి దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. నీళ్ళ పైపులు, కొళాయిలు, సిమెంటు అమ్మే దుకాణం. నేను సెలవుకు వచ్చినప్పుడల్లా నాన్నను ఆటోలో తీసుకుని అక్కడికి వెళ్ళేదాన్ని. కిందటి సెలవులో వెళ్ళేసరికి కెప్టెన్ ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద దుర్గ్ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. మొహం పీక్కుపోయింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

అతనూ ఒక రోజు అలసిపోయి, విమానం ఎక్కనని చెప్పాడట. రెండు వారాలుగా రోస్టర్‌లో పేరు లేదట. ఏం చెయ్యాలో అడగడానికి వచ్చాడు. కెప్టెన్ అతనికి చాయ్ తెప్పించి, ఏయే పరీక్షలు గడువు తీరకముందే చేయించుకోవాలో చెబుతున్నాడు.

నేను ఆగలేకపోయాను. "ఆ రోజు కోహ్కా ఎందుకు రాలేదు నువ్వు?" అన్నాను.

"దీదీ, పాప పుట్టి నెల కూడా కాలేదప్పుడు. భయమేసింది. సచ్ మే. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరాను, బండి కోహ్కా వైపే తిప్పాను. మళ్ళీ..." అని ఆగిపోయాడు.

కెప్టెన్ నన్ను చెయ్యెత్తి ఆపాడు. "వొదిలీ చెల్లెమ్మా." అతని వైపు తిరిగి, "ఫోన్లో పెట్టకు. ఒక్కొక్కడి ఇంటికీ ఎళ్ళు. మొహం చూసి అడుగు" అన్నాడు.

నాన్న, "మా క్వార్టర్‌కి రమ్మను బాబూ అందర్నీ. ఇల్లు అక్కడే ఉంది" అన్నాడు.

తిరిగి వస్తుంటే ఆటోలో నాన్నకు నా కోపం తెలుస్తూనే ఉంది.

"భయపడ్డాడని ఆడిమీద కోపమెందుకే? మా మిల్లులో భయపడనోళ్ళు ఎంతమందున్నారు? అలాటోళ్ళని చేతేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. ధైర్నమున్నోడికి యూనియనెందుకు, ఆడొక్కడే నెగ్గుకొస్తాడు. భయపడేవోళ్ళకే కావాలది" అన్నాడు.

నాన్న చెప్పింది నిజమేనని తెలుసు. కోపం మాత్రం పోలేదు. యాప్ చూస్తూ కూర్చున్న కెప్టెన్‌ను నాన్న చూడలేదు. నేను చూశాను.

ఆ కుర్రాడు కొన్ని ఇళ్ళకు నిజంగానే వెళ్ళాడు. ఆదివారం మీటింగు అనుకున్నారు. నేనూ సెలవు పొడిగించుకున్నాను. శుక్రవారం ఒక పెద్ద విమాన సంస్థ నుంచి అతనికి ఉద్యోగం వచ్చింది. కెప్టెన్ విషయంలో నెలల తరబడి అడ్డం పడిన నోటీసు అతని విషయంలో అడ్డం రాలేదు. వెంటనే వదిలేశారు. అతను పోవడం వాళ్ళకూ కావాలి కదా. ఆదివారం ఎవరూ రాలేదు. పిలిచినవాడే లేకపోతే ఎవరొస్తారు?

సోమవారం నేనే దుకాణానికి వెళ్ళి కెప్టెన్‌కు చెప్పాను. ఆయన పైపు ముక్క ఒకటి చేత్తో తిప్పుతూ విన్నాడు.

"పోనీలే చెల్లెమ్మా. ఎగురుతున్నాడు కదా" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది. అంతలో ఒకతను వచ్చి, "భయ్యా, పౌన్ ఇంచ్ కా ఎల్బో దేనా" అన్నాడు. పైపు మలుపులో బిగించే ఆ ముక్కలు అటక మీద ఉన్నాయి. కెప్టెన్ నిచ్చెన తెచ్చి గోడకు ఆనించి రెండు మెట్లు ఎక్కాడు. లోపలి నుంచి తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

"అన్నయ్యా, నువ్వెక్కకు! డాక్టర్ ఏటన్నాడు? దిగు, ముందు దిగు."

కెప్టెన్ దిగాడు. తమ్ముడు పైకెక్కి డబ్బాల్లో వెతుకుతుంటే, ఆయన కింద నిలబడి రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు.