మాస్టారి ఉప్పునీటి తొట్టె

చీరాల, 1986 సెప్టెంబరు, ఆదివారం.

పక్క వాటాలోని జువాలజీ మాస్టారు పోయి మూడు వారాలైంది. పాఠం చెబుతూనే కూలబడ్డారని కాలేజీ నుంచి కబురొచ్చింది. ఆయన గురించి నిదానంగా రాద్దామనుకున్నాను. ఇవాళే రాయడానికి కారణం భయం. ఆయన బతికించినవి నా చేతిలో పోతాయేమోనని.

ఆయన ముందుగదిలో ఒక గాజుతొట్టె. వాడరేవు నుంచి తెచ్చిన సముద్రపు నీరు, రెండు చారల చేపలు, నత్తలు, వలలో వచ్చిన శంఖానికి అంటుకున్న సముద్రపు పువ్వు. పేరుకే పువ్వు, అది ప్రాణి. పొద్దున్నే రేకులు విప్పేది. అది చూశాకే ఆయన కాఫీ తాగేవారు.

ఒకసారి చేపలకు మరమరాలు వేయబోయాను.

"ఆగండి మామ్మగారూ! యూరియా దండిగా వేసిన పత్తిచేను చూశారుగా?"

"చూడకేం. ఆకే గాని కాయ ఉండదు."

"ఇదీ అంతేనండి. తినగా మిగిలింది ఎరువైపోద్ది. పాచి పెరుగుద్ది, ప్రాణులు పోతాయి."

"మరి రోజుకెంత?"

"చిటికెడు. అదీ నేను అన్నం తిన్నాకే. నాకు ఆకలేస్తుంటే చెయ్యి జారుద్ది."

పెద్దకర్మ రోజు నేను వంటల దగ్గరున్నాను. వచ్చి చూస్తే, మార్టూరు నుంచి వచ్చిన ఆయన అక్కగారు తొట్టెలో అన్నం వేస్తోంది. వెనక చుట్టాలు, తలా ఒక ముద్దతో.

"ఏంటమ్మా ఈ పని?"

"వాడు పెంచుకున్నవి పస్తుంటే వాడికి ముద్ద దిగుద్దా మామ్మగారూ?"

ఏడుస్తూనే ఇంకో ముద్ద వేసింది. వెళుతూ ఇంటి తాళం నాకిచ్చింది.

వారం తిరక్కుండా రాళ్ల నిండా వెంట్రుకల్లా పచ్చటి పాచి. పువ్వు ముడుచుకుపోయింది. నిన్న ఒక చేప గాలికోసం పైకొచ్చి నోరు తెరుస్తోంది. వీటికున్న ఒక్క డాక్టరూ ఆయనే. ఆయన చేస్తుండగా చూసిందే నాకు ఆధారం. ఇక జరగవలసినవి:

1. తొట్టెలో ఎవరూ మెతుకు వేయకూడదు, సంవత్సరీకం నాడైనా సరే.

2. కుళ్లిన అన్నాన్ని గొట్టంతో లాగెయ్యాలి. పాచి చేత్తో పీకాలి. నత్తల జోలికి పోవద్దు, అవి పాచి మేస్తాయి.

3. పడమటి కిటికీ మూసే ఉంచాలి. ఎండ తగిలితే పాచి ఆగదు.

4. రేపు మూడోవంతు నీరు మార్చాలి. పడవవాళ్లతో సముద్రం లోపలి నీరు తెప్పించాలి. చేల మురుగు కలిసేచోట ముంచకూడదు.

5. రోజూ కాఫీకి ముందు పువ్వును చూడాలి. ఇవాళ ఒక రేకు కొస మాత్రం బయటికొచ్చి, మళ్లీ లోపలికి పోయింది. గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాను. కాఫీ చల్లారిపోయింది.