కట్టెపెట్టె మేస్త్రి ఇల్లు దాటించిన రోజు

ఇల్లు కదిలి వెళ్లడం మీరు చూసి ఉండరు. నేను చూశాను. చూడటమేమిటి, లాగాను కూడా. అరచేతుల్లో బొబ్బలు ఇప్పటికీ పూర్తిగా మానలేదు.

ఆ ఇల్లు మా మామయ్యది. కాగితాల మీద అటవీ శాఖది అనుకోండి, కానీ అందులో ఒక్క మేకు కూడా మామయ్య చెయ్యి తగలకుండా దిగలేదు. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి ఏడు గంటలు కొండెక్కితే ఒక సరస్సు వస్తుంది. దాని ఒడ్డున దుంగల గోడలు, ఒకటే గది, ఒకటే కిటికీ, ఒక ఇనప పొయ్యి, రెండు మంచాలు. నడక పిచ్చి ఉన్నవాళ్లు వచ్చి రెండు మూడు రోజులుండి పోతుంటారు. అలాంటి చెక్క ఇళ్లు ఆ కొండల్లో ఐదున్నాయి. ఐదూ మామయ్యే కట్టాడు. ఐదింటి తాళాలూ అత్తయ్య నడుముకే వేలాడుతుంటాయి. ఎవరు ఎప్పుడొస్తారో పుస్తకంలో రాసుకునేది ఆవిడే, దుప్పట్లు ఉతికేది ఆవిడే, మామయ్యని తిట్టేదీ ఆవిడే.

మామయ్యకి వడ్రంగం ఎవరూ నేర్పలేదు. పంతొమ్మిదేళ్లప్పుడు ఆయన సర్వేవాళ్ల సామాన్లు మోసే కూలీ. ఒకసారి వానలో ఒంటరిగా వస్తూ వాగులో పడి, నిలువునా తడిసి, ఈ సరస్సు ఒడ్డునే అప్పుడుండే పాత పాకలోకి చేరాడు. పొయ్యి ఉంది, జేబులో డబ్బాలో భద్రంగా అగ్గిపెట్టె ఉంది, కట్టెల పెట్టెలో మాత్రం పుల్ల లేదు. ముందు ఉన్న మహానుభావుడెవడో ఉన్నదంతా కాల్చుకుని, చేతులు దులుపుకుని పోయాడు. బయట అడివంతా నీళ్లోడుతోంది. గదిలో ఒకే ఒక కుర్చీ ఉంది. మామయ్య దాన్ని కాల్చాడు. ముందు కాళ్లు, తర్వాత వీపు, చివరికి కూర్చునే పలక. ఆ కుర్చీ పుణ్యమా అని బతికాడు.

రెండు వారాల తర్వాత ఒక కొత్త కుర్చీ వీపుకి కట్టుకుని మళ్లీ కొండెక్కాడు. జన్మలో మొదటిసారి బాడిస పట్టి చేసిన కుర్చీ అది. మూడు కాళ్లు ఒక మాట మీద ఉంటాయి, నాలుగోదానిది సొంత అభిప్రాయం. ఇప్పటికీ ఉంది. కూర్చుంటే ఊగుతుంది. బాగుచెయ్యమంటే, "అది ఊగితేనే నాకు గుర్తుంటుంది" అంటాడు.

పాత పాక కూలిపోయాక అదే చోట ఈ ఇల్లు కట్టాడు. తలుపు మీద ఎర్రగా కాల్చిన చువ్వతో రాశాడు: వెళ్లేటప్పుడు పెట్టె నింపు. తర్వాత కట్టిన నాలుగిళ్ల మీదా అదే. వచ్చినవాళ్లు నింపారా లేదా అన్నది పక్కన పెట్టండి, మామయ్య మాత్రం పొయ్యి ఉన్న ఏ గదిలోంచీ పెట్టె నింపకుండా బయటికి రాడు, రాలేడు. అందుకే అందరూ కట్టెపెట్టె మేస్త్రి అంటారు.

"పెళ్లయిన కొత్తలో మా పుట్టింటికి వచ్చారు" అని అత్తయ్య కనిపించినవాళ్లందరికీ చెబుతుంది. "వెళ్లే రోజు పొద్దున్నే లేచి వంటింట్లో నడుమెత్తు కట్టెలు పేర్చారు. అల్లుడు ఎందుకో అలిగాడని మా అమ్మ మూడు రోజులు అన్నం తినలేదు."

పోయిన వానాకాలం సరస్సు ఒడ్డు విరిగి పడింది. ఒకసారి కాదు, ముక్కముక్కగా, నెలంతా. చివరికి వసారా మూల గాల్లో వేలాడింది. చలికాలం నడుమ అటవీ శాఖ రేంజరు వచ్చి చూశాడు. మంచి మనిషే, కానీ చేతిలో ఎప్పుడూ ఒక కాగితం ఉంటుంది.

"మేస్త్రీ, మంచు కరిగేలోపు దీన్ని తీసెయ్యాలి. ఎవరన్నా లోపల పడుకున్నప్పుడు జారిందంటే నా ఉద్యోగం కూడా దానితోపాటే మునుగుతుంది."

"తీసెయ్యడమంటే?"

"విప్పేసి కట్టెలు చెయ్యడం."

మామయ్య దుంగలన్నీ ఒకదాన్నొకటి కరిచిపట్టుకుని ముప్ఫై ఏళ్లుగా బిగుసుకుపోయాయి. విప్పితే చీలిపోతాయి, మళ్లీ నిలబడవు. అటూ ఇటూ జరుపుదామంటే రెండు పక్కలా కొండ అంచులే. ఎదురుగా, నాలుగు వందల అడుగుల అవతల, సరస్సుకి ఆ పక్కన గట్టి రాతి నేల. మధ్యలో నీళ్లు. ఆ నీళ్లు చలికాలం గడ్డకడతాయి.

"మంచు మీద లాక్కెళ్తాను" అన్నాడు మామయ్య.

రేంజరు నవ్వాడు. తర్వాత మామయ్య మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఒప్పుకున్నాడు గానీ షరతులు పెట్టాడు. మంచు మీద ఇంజను బండి తేకూడదు. బరువెంతో లెక్క చూపించాలి. నెలాఖరు దాటకూడదు.

లెక్క పని నా వంతుకొచ్చింది. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మానేసిన వాణ్ని, ఆ రెండేళ్ల చదువు పనికొచ్చింది ఈ ఒక్కసారే. ప్రతి దుంగా కొలిచాను. రేకులు, మేకులు, కిటికీ అద్దం, ఏదీ వదల్లేదు. మంచుకి బర్మాతో నలభై చోట్ల కంతలు పెట్టి మందం చూశాం. ఎక్కడా జానెడున్నరకి తగ్గలేదు. సామానంతా తీసేస్తే ఆగుతుంది, బొటాబొటీగా. పొయ్యి, పొగగొట్టం, మంచాలు, గిన్నెలు, ఆ ఊగే కుర్చీ, అన్నీ ముందు రోజే చేతిబండి మీద అవతలి ఒడ్డుకి చేర్చేశాం.

"ఇంకో రెండు బస్తాల బరువు పెరిగినా నేను ఒప్పుకోను" అన్నాడు రేంజరు నా కాగితం చూస్తూ.

"చదువు మానేసినోడి లెక్క, చూసుకోండి మరి" అంది అత్తయ్య.

"మానేసింది చదువు అత్తయ్యా, లెక్కలు కాదు."

మర్నాడు పొద్దున గుడారంలోంచి నేను బయటికొచ్చేసరికి మామయ్య అప్పటికే ఇంటి దగ్గరున్నాడు. తలుపు ఊగకుండా అడ్డంగా రెండు చెక్కలు కొట్టేశాడు. చొక్కా తడిసి ఆవిర్లు కక్కుతోంది. చెక్కలు కొడితే ఇంత చెమటేమిటి అని నాకు అనిపించాలి. అనిపించలేదు. నా తలంతా మంచు మీదే ఉంది. గాజులా మెరుస్తోంది, గాలి లేదు, ఆకాశం కడిగినట్టుంది. ఒళ్లంతా జివ్వుమంది.

మేం నలుగురం. నేను, మామయ్య, అత్తయ్య, పడవాయన. పడవాయనకి చలికాలం పనుండదు, నోరు మాత్రం పన్నెండు నెలలూ పనిచేస్తుంది. రేంజరు అవతలి ఒడ్డున నిలబడి చూస్తున్నాడు.

ఇంటి కింద జారుడు దుంగలు రెండు ముందే దూర్చి ఉంచాం. గునపాలతో ఎత్తాం, తోశాం. ఇల్లు మూలిగింది, ఒక్క నిమిషం ఆలోచించుకుంది, తర్వాత వాలు చెక్కల మీదుగా సర్రున జారి మంచు మీద దిగింది. సరస్సంతా టంగుమని మోగింది. ఆ మోత కొండకి తగిలి తిరిగొచ్చింది. నేను గెంతాను. సిగ్గేం లేదు.

"అరుస్తోంది, మంచిదే" అన్నాడు మామయ్య. "మంచు నోరు మూసుకుంటేనే భయపడాలి."

"మీ మేనల్లుడి లాగే" అంది అత్తయ్య.

చేత్తో తిప్పే వించ్ ఒకటుంది. దాన్ని ముందుకి తీసుకెళ్లి, మంచులో ఇనప మేకులు దిగ్గొట్టి బిగించి, తాడు చుట్టుకుంటూ ఇంటిని యాభై అడుగులు లాగడం. మళ్లీ వించ్ ఊడదీసి ఇంకో యాభై అడుగులు ముందుకి. ఎనిమిది లాగుళ్లు. నేను పిడి తిప్పుతుంటే ఆ ఇల్లు, కిటికీ, వసారా, రేకు కప్పు, అంతా నావైపు నడిచి వస్తోంది. ఏ కాలేజీలోనూ ఇంత ఒళ్లు పులకరించే పని ఎవరూ నాకు చెప్పలేదు.

మొదటి లాగుడుకే పిడి బరువనిపించింది. కొత్త కదా అనుకున్నాను. మూడోదానికి పడవాయన కూడా వచ్చి పట్టుకున్నాడు. నాలుగోది అయ్యేసరికి సరిగ్గా మధ్యలో ఉన్నాం. అప్పుడు మంచు నోరు మూసుకుంది.

పొద్దున్నుంచీ కిర్రు కిర్రుమంటున్నది ఒక్కసారిగా ఆగిపోయింది. పడవాయన వంగి జారుడు దుంగ పక్కన చూశాడు.

"మేస్త్రీ, నీ ఇల్లు స్నానానికి దిగుతోంది."

దుంగ పక్కన వేలెడు లోతు నీళ్లు. ఇంటి బరువుకి మంచు పళ్లెంలా లోపలికి వంగుతోంది. ఎంతసేపు నిలబడితే అంత వంగుతుంది. నా లెక్క ప్రకారం అలా కాకూడదు. లెక్క మళ్లీ మనసులో చుట్టుకొచ్చాను. దుంగలు సరే, రేకులు సరే.

"మామయ్యా, లోపల ఏమన్నా ఉందా?"

"ఏం లేదురా. అన్నీ తీసేశాం కదా."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు. పెట్టె నింపానంతే."

అత్తయ్య నెమ్మదిగా అడిగింది, "ఏ పెట్టె అండీ?"

"కట్టెల పెట్టె. మంచాలు తీసేశాక చోటు ఖాళీగా కనిపించింది, అక్కడ కూడా కాస్త పేర్చాను."

"కాస్త అంటే?"

మామయ్య చెయ్యి ఎత్తి చూపించాడు. భుజం దాకా ఎత్తాడు.

"అది ఇంటి వెనక కట్టెల పాకలో ఉన్నదంతా కదండీ."

"ఇల్లు వదిలి వెళ్తున్నాం కదా మరి" అన్నాడాయన. నిజంగానే అర్థంకానట్టు చూస్తున్నాడు.

"ఇల్లు వదిలి వెళ్లట్లేదు మహానుభావా. ఇంటితో పాటు వెళ్తున్నాం."

అప్పుడు ఆయన మొహంలో రంగు పోయింది. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో ప్రతివాడికీ ఏది చెప్పాడో, అదే ఆయన ఇంటిని నీళ్లలోకి లాగుతోంది. తలుపు వైపు పరిగెత్తబోయాడు. పడవాయన నడుం పట్టుకుని ఆపాడు. తలుపు ఊడదీసే టైము లేదు, మామయ్య బరువు ఇంకొక బస్తా.

"తప్పుకోండి" అంది అత్తయ్య. మాలో తేలికైనది ఆవిడే. నడుముకున్న తాళాలగుత్తి తీసి నా చేతిలో పెట్టింది, దాని చోట తాడు కట్టుకుంది. కిటికీ రెక్క తోసి, యాభై రెండేళ్ల మనిషి పిల్లిలా లోపలికి దూకింది.

మరుక్షణం కిటికీలోంచి కట్టె ఎగిరొచ్చింది. దాని వెనకే ఇంకోటి. ఒక్కో కట్టెకీ ఒక్కో తిట్టు.

"ఇది మా అమ్మ తినని అన్నానికి. ఇది మీరు చూపించుకోడానికి వెళ్లి డాక్టరు గదిలో కూడా పేర్చినదానికి. ఇది ఏమీ లేదురా అన్నందుకు."

"కాళ్లకి తగులుతున్నాయి" అన్నాడు పడవాయన.

"తగలనీ."

నేను వించ్ దగ్గరికి పరిగెత్తాను. మేకులు పీకి, ముందుకి ఈడ్చి, మళ్లీ దిగ్గొట్టాను. అంత వేగంగా ఏ పనీ చేసి ఎరగను. పడవాయనా నేనూ పిడి మీద పడ్డాం. మామయ్యకి ఒకే పని మిగిలింది. విసిరిన కట్టెలు ఇంటి చుట్టూ కుప్పపడితే బరువు అక్కడే ఉంటుంది. వాటిని దూరంగా తన్నెయ్యాలి. జీవితమంతా కట్టెలు వరస తప్పకుండా పేర్చిన మనిషి, బూటు కాలితో వాటిని అటొకటి ఇటొకటి తంతున్నాడు. మొదట్లో మెల్లగా, నొప్పి పుడుతుందేమో అన్నట్టు. తర్వాత ఫుట్‌బాల్ ఆటగాడిలా.

పిడి కదిలింది. ఇంకొంచెం. ఇల్లు చప్పుడు చేస్తూ నీళ్ల పళ్లెంలోంచి పొడి మంచు మీదికి ఎక్కింది. ఉన్నట్టుండి సరస్సు టంగుమంది.

"మాట్లాడింది" అని అరిచాడు పడవాయన. "తల్లీ, మాట్లాడావు."

మిగిలిన లాగుళ్లు ఎలా అయ్యాయో నాకు లెక్కలేదు. వించ్ మార్చిన ప్రతిసారీ కట్టెలు ఎగురుతూనే ఉన్నాయి. చివర్లో కిటికీలోంచి అత్తయ్య తల బయటికొచ్చింది. జుట్టు నిండా బెరడు పొట్టు. రెండు చేతుల్లో రెండు కట్టెలు.

"ఇదిగో, ఈ రెండూ పెట్టెలోనే ఉంచుతున్నా. ఇక ఆ మొహం మార్చండి."

అవతలి ఒడ్డు మీద ఇల్లు కూర్చున్నాక రేంజరు చుట్టూ తిరిగి చూశాడు. కాగితం తీసి సంతకం పెట్టాడు. కూల్చే మాట ఇక లేదు. నేను వసారాలో వెల్లకిలా పడిపోయి పిచ్చివాడిలా నవ్వుతున్నాను. మామయ్య గోడ తాకి చూడలేదు, మూలలు చూడలేదు. సరస్సు వైపే చూస్తున్నాడు. మంచు మీద సరస్సు నడిమి నుంచి ఈ ఒడ్డు దాకా, ఇంటి దారి పొడుగునా ఆయన కట్టెలు చెల్లాచెదురుగా పడున్నాయి.

"ఒక్కసారి వెళ్లి..."

"అటు ఒక్క అడుగేశారంటే, పెట్టెలో ఉన్న రెండూ పొయ్యిలో పెడతా" అంది అత్తయ్య.

మంచు వంగిన చోట ఇక నడవకూడదని ఆయనకీ తెలుసు. గొడ్డలి తీసుకుని చెట్లలోకి వెళ్లాడు. టీ కాచి పిలిచాం, రాలేదు. పెట్టె నిండాకే వచ్చి తాగాడు, చల్లారిన టీ.

ఐదు వారాలకి మంచు విరిగింది. మొదట వచ్చింది ఏటా వచ్చే ఇద్దరు నర్సులు. వాళ్లు వెళ్లాక మామయ్యా నేనూ పైకి వెళ్లి, వచ్చినవాళ్లు రాసే పుస్తకం తెరిచాం. ఇలా ఉంది:

"కొత్త చోటు చాలా బాగుంది. గాలి ఇటు తిరిగిన దగ్గర్నుంచి కొట్టిన కట్టెలు నీళ్ల మీద తేలుతూ వాటంతటవే గుమ్మం దాకా వస్తున్నాయి. ఇంత మంచి ఏర్పాటు మేం ఎక్కడా చూడలేదు. ఎలా చేశారు?"

మామయ్య రెండుసార్లు చదివాడు. బయటికి చూశాడు. ఒడ్డున ఇంకో ఏడెనిమిది కట్టెలు రాళ్లకి తట్టుకుని ఊగుతున్నాయి. చెవి మీదున్న వడ్రంగం పెన్సిలు తీసి, కింద రాశాడు:

"తడిగా ఉంటాయి, ఎండబెట్టి వాడండి. వెళ్లేటప్పుడు పెట్టె నింపండి."