వక్కాకు తిత్తిలో దాచిన మాత్రలు

విత్తనానికి వేరుశెనగ కాయలు ఒలుస్తున్న రోజది. మనవరాలు చిన్ని నా ఒడిలో నిద్రపోతోంది. పక్కింటి నాగమ్మ ఎదురుగా కూర్చుని నాతో పాటు ఒలుస్తోంది. ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమక్కా, గింజలు చెత్తలోకి యేస్తాండావు, పొట్టు చాటలోకి యేస్తాండావు? పిలిస్తే పలకవు!"

చూస్తే నిజమే. ఎంతసేపటి నుంచి అలా చేస్తున్నానో నాకు తెలియదు. కునుకు పట్టిందని నవ్వేశాను. కానీ కునుకు పడితే చేతులు ఆగిపోవాలి కదా.

కొన్నాళ్లకు వంటింట్లో పడిపోయాను. తెలివి వచ్చేసరికి నాలుక తెగి నోట్లో రక్తం, చీరంతా తడి. నా కూతురు రాధ నెత్తిన చేతులు పెట్టుకుని ఏడుస్తోంది. అల్లుడు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు కాబట్టి రాధ, చిన్ని నా దగ్గరే ఉంటారు. రాధ గార్మెంట్స్ కంపెనీకి పోతే సాయంత్రం దాకా పాప బాధ్యత నాదే.

మడకశిర నుంచి బస్సెక్కి హిందూపురంలో నరాల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. తలకు జిగురు పూసి వైర్లు అతికించి ఈఈజీ తీశారు, తర్వాత ఎంఆర్ఐ. డాక్టరమ్మది మా సీమే.

"మెదడులో చిన్న స్కార్ ఉండాదమ్మా. పాత గాయం మచ్చ మాదిరి. ఆడ నుంచే ఫిట్స్ వస్తాండాయి. దీన్ని ఎపిలెప్సీ అంటాం. మాత్రలతో కంట్రోల్ అయితాది, ఒక్క పూట గూడా తప్పగూడదు."

సోడియం వాల్‌ప్రోయేట్, మందు నెమ్మదిగా దిగే సీఆర్ టాబ్లెట్, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆమె ఇంకా ఏవేవో జాగ్రత్తలు చెప్పింది. నా చెవుల్లో ఎపిలెప్సీ అన్న మాటే గింగురుమంటోంది. అంటే మూర్ఛే కదా!

మా ఊళ్లో పెళ్లి కుదిరితే రోట్లో పసుపు కొమ్ములు దంచుతారు. మొదటి రోకలి పట్టేది, పాట ఎత్తుకునేది నేనే. ఆ గౌరవం ఎవరో ఇచ్చింది కాదు, గొంతుతో సంపాదించుకున్నాను. మూర్ఛ ఉన్న మనిషిని పసుపు ముట్టనిస్తారా? ఎవరికీ చెప్పొద్దని రాధ చేత ఒట్టు వేయించుకున్నాను.

మాత్రలు దాచడానికి నాకు దొరికిన చోటు నడుముకు చెక్కుకునే వక్కాకు తిత్తి. దాంట్లో ఆకులకు ఒక అర, వక్కలకు ఒకటి, సున్నపు డబ్బీకి ఒకటి. నాగమ్మ తన తిత్తిలో పెట్టినట్టే నా తిత్తిలోనూ చెయ్యి పెడుతుంది. రేకుతో పెడితే గలగలమంటుందని మాత్రలన్నీ రేకులోంచి తీసి గుడ్డముక్కలో చుట్టి లోపలి అరలో పెట్టాను. వేళకు ఆకులో మడిచి వక్కతో పాటు నమిలేసేదాన్ని. నలుగురి మధ్య కూర్చుని మందు వేసుకుంటున్నా ఒక్కరికీ తెలియదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తడి ఆకుల పక్కన మాత్రలు చెమ్మగిల్లాయి. ఒకదానికొకటి అంటుకుని, పైన సున్నం పూసుకుని ముద్దయ్యాయి. కొన్ని గిల్లుకుని నమిలాను, మరీ కరిగినవి పారేశాను. కడుపులో తిప్పేది. రాధ అడిగితే వేసుకున్నానని చెప్పేదాన్ని.

ఆ మాఘమాసంలో ఒక ఇంట్లో పసుపు దంచుతున్నాం. నేను రోకలి ఎత్తి పాట మొదలుపెట్టాను. చిన్ని రోటి పక్కన కూర్చుని పసుపు కొమ్ములతో ఆడుకుంటోంది. నాకు గుర్తున్నది అంతే.

తెలివి వచ్చేసరికి గుప్పిట్లో తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ. చీర తడిసి, ఆ తడికి పసుపు పట్టింది. చుట్టూ ఊళ్లో ఆడవాళ్లంతా నిలబడి ఉన్నారు. ఎవరో నా మీద దుప్పటి కప్పుతున్నారు. తెలివి వచ్చినా కళ్లు తెరవలేదు. వాళ్లంతా వెళ్లిపోతే బాగుండునని అలాగే పడి ఉన్నాను. నా చేతిలోని రోకలి చిన్నికి జానెడు దూరంలో పడిందని తర్వాత చెప్పారు.

రాధ మళ్లీ హిందూపురం తీసుకుపోతే డాక్టరమ్మ రక్తం తీయించి, దాంట్లో మందు లెవెల్ చూసింది.

"శానా తక్కువ ఉండాదే. మాత్రలు ఏసుకుంటాండావా?"

"ఏసుకుంటాండా మేడమ్."

"యాడ పెట్టినావు, చూపీ."

రాధ చూస్తుండగా తిత్తి విప్పాను. సున్నం పట్టిన ఆ ముద్దను డాక్టరమ్మ అరచేతిలో పెట్టుకుంది. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది. తిట్టలేదు.

"ఈ మాత్రకు తడి తగలగూడదమ్మా. ఏసుకునేటప్పుడే రేకులోంచి తీయాల. నమిలితే మందంతా ఒక్కసారే దిగిపోతాది, ఇంగో పూట దాకా నిలబడదు. నీళ్లతో మింగాల. బాగుండాదని నీ అంతట నువ్వు ఆపితే ఇంతకన్నా పెద్ద ఫిట్స్ వస్తాయి."

ఇంటికొచ్చాక రాధ అన్నది.

"నువ్వు పడితే లేపుకుంటాం అమ్మా. పాప మీద రోకలి పడింటే?"

మర్నాడు చిన్నిని నాగమ్మ ఇంట్లో వదిలి పనికి పోయింది. "అవ్వా, అవ్వా" అని పాప ఏడుపు గోడ అవతల నుంచి వినిపిస్తూనే ఉంది. మూర్ఛ వచ్చిందని పడిన సిగ్గు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పక్కింటికి పోయి నా మనవరాలిని నేను ఎత్తుకోలేకపోయాను.

సాయంత్రం కొత్త మాత్రల రేకు, చెంబుతో నీళ్లు పట్టుకుని నాగమ్మ ముందు కూర్చున్నాను. జబ్బు పేరు చెప్పాను. మళ్లీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో, చేతిలో ఏమీ పెట్టొద్దని, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని డాక్టరమ్మ చెప్పినవన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ నేల చూపులే.

"ముందే చెప్పింటే తాళాలు పెడతామా అక్కా? ఆ గుప్పిట ఇప్పేకి నలుగురం పట్టినాం," అన్నది నాగమ్మ.

అప్పటి నుంచి రెండు పూటలా ఆమె గడపలోనే కూర్చుని మింగాను. మొదట్లో ఆ మందుకు చేతులు సన్నగా వణికేవి, జుట్టు రాలేది. డాక్టరమ్మ లివర్ టెస్ట్ చేయించి డోస్ సరిచేసింది. ఫిట్స్ మళ్లీ రాలేదు. చాన్నాళ్లు చూసి రాధ చిన్నిని తిరిగి నా దగ్గర వదిలింది, పాపను ఎత్తుకుని పొయ్యి దగ్గరికి పోవద్దన్న షరతుతో.

ఇప్పుడు పసుపు దంచడానికి కొందరు పిలుస్తారు, కొందరు పిలవరు. పిలిచినా నేను రోకలి పట్టను, పక్కన కూర్చుని పాట ఎత్తుకుంటాను. నాలాంటి వాళ్లకు చెప్పేది ఇదే. మాత్రను రేకులోనే ఉంచండి, మీ మనిషి ఒకరు చూస్తుండగా నీళ్లతో మింగండి. అది ఎలా వేసుకోవాలో, మరిచిపోతే ఏం చేయాలో సిగ్గేసినా సరే డాక్టర్‌ను రెండోసారి అడగండి.

సిగ్గుపడొద్దని చెప్పడానికి నాకే నోరు రాదు, నా సిగ్గు ఇంకా పోలేదు కాబట్టి. రోజూ పొద్దున కంపెనీ బస్సు వీధి చివర హారన్ కొడుతుంది. రాధ పాపను చంకనేసుకుని, వీధంతా వినేలా అడుగుతుంది.

"అమ్మా, మాత్ర మింగినావా?"

నా ముఖం వేడెక్కుతుంది. కుళాయి దగ్గర ఆడవాళ్లు తలలు తిప్పుతారు.

"మింగినాలే," అని నేనూ గట్టిగానే చెబుతాను. అప్పుడు పాపను నా చేతుల్లో పెట్టి బస్సుకు పరిగెత్తుతుంది.