ఏ కొదువా లేదని రాసిన కాగితం

ఈ ఉదయం మా ప్రాంతపు పార్లమెంటు సభ్యుడి ఆఫీసు నుంచి పోస్టులో ఒక సర్వే కాగితం వచ్చింది. ఈ నియోజకవర్గంలో ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, వాళ్ల వయసులెంత, ఖర్చులు ఎలా నెట్టుకొస్తున్నారు, మారుతున్న వాతావరణం గురించి ఏమనుకుంటున్నారు అని అడిగే నాలుగు పేజీలు. చలికాలపు సెలవుల్లో ఉన్న నా మనవరాలు పెన్ను పట్టుకుని నా గదికి వచ్చింది. నా గది అంటే మా అమ్మాయి ఇంటి పెరట్లో కట్టించిన చిన్న గ్రానీ ఫ్లాట్. మొదటి ప్రశ్న చదివి, "అమ్మమ్మా, హౌ మెనీ పీపుల్ ఇన్ అవర్ హౌస్? గ్రానీ ఫ్లాట్ కౌంట్ అవుతుందా?" అని అడిగింది. ఆ పిల్ల మామూలుగానే అడిగింది కానీ నేను శాలువా దగ్గరికి లాక్కున్నాను, ఎందుకంటే ఒకప్పుడు ఆ ప్రశ్ననే మేమున్న క్రాన్‌బర్న్ వీధుల్లో గడపగడపకూ మోసుకు తిరిగినదాన్ని నేను.

మీలో చాలామందికి ఈ దేశానికి వచ్చిన ఆ మొదటి ఏళ్లు గుర్తుండే ఉంటాయి. మన దేశంలో చదివిన చదువు ఇక్కడ ఎవరికీ అక్కర్లేక, దొరికిన ప్రతి పనినీ దేవుడు తెరిచిన తలుపు అనుకుని అందులోంచి దూరిపోయిన ఏళ్లవి. గుంటూరు దగ్గర పదిహేనేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నేను, ఇక్కడ ఒక సర్వే కంపెనీ తరఫున తెలుగు మాట్లాడే ఇళ్లకు వెళ్లి కాగితాలు నింపించే పనిలో చేరాను. ఎండకు చెప్పుల అడుగులు మెత్తబడేవి. ఆ ఇబ్బంది చూసి మా సంఘపెద్ద ఒకాయన ఉపాయం చెప్పారు. "ఇంటింటికీ ఎందుకు తిరుగుతారు సిస్టర్, ఆదివారం ఆరాధన కాగానే ఇక్కడే పంచెయ్యండి, భోజనాలు వడ్డించేలోపు రాసిచ్చేస్తాం" అన్నారు. మా వారికి గోడౌన్‌లో పని ఇప్పించింది ఆయనే. ఆయన మాట కాదనే అలవాటు మా ఇద్దరికీ లేదు, పైగా నా కాళ్లకు కూడా ఆ ఉపాయం నచ్చింది.

అదే నేను చేసిన పొరపాటు. మన సంఘాల్లో పదిమంది ఎదుట ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే అది ప్రశ్న కాదు, సాక్ష్యానికి పిలుపు. లేచి నిలబడి, ప్రభువు కృపవల్ల ఏ కొదువా లేదని చెప్పి కూర్చోవడం చిన్నప్పటినుంచీ వచ్చిన అలవాటు. అద్దెకు తీసుకున్న ఆ స్కూలు హాల్లో, వెనక బల్లల మీద కోడికూర ఘుమఘుమలాడుతుండగా, సంఘపెద్ద ఒక్కో ప్రశ్నా పైకి చదివారు, అందరూ ఆమెన్ అన్నట్టుగానే గడుల్లో టిక్కులు కొట్టుకుంటూ పోయారు. ఖర్చులకు ఇబ్బంది ఉందా అంటే లేదు. వాతావరణం ప్రశ్న వచ్చినప్పుడు ఆయన నవ్వి, "ఋతువులు చేసినోడికి నడపటం రాదా ఏంటి బ్రదర్, చింత లేదని కొట్టెయ్యండి" అన్నారు. నేనూ అలాగే కొట్టాను. ఆ వారమంతా మా ఇంట్లో పచ్చడి మెతుకులే అయినా అబద్ధం చెబుతున్నానని నాకు తోచలేదు.

సంఘపెద్ద తల్లి నా పక్కనే కూర్చుంది. చిన్నపిల్లలకు బైబిలు వాక్యంలోని కథలు చెప్పే ఆమెను అందరం ఆంటీ అనేవాళ్లం. ఆమెకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఇంటి తరఫున కొడుకే రాశారు. అద్దె ఒప్పందంలో ఉన్నది నలుగురి పేర్లే కాబట్టి ఇంట్లో నలుగురే అని రాశారు. ఆంటీ మంచం ఆ ఇంటి కారు షెడ్డులో ఉండేది.

"నన్ను రాయలేదే అబ్బాయ్?" అంది ఆమె మెల్లగా.

"పరలోకంలో జీవగ్రంథంలో నీ పేరుందిగా అమ్మా, ఈ కాగితాలెందుకు నీకు?" అన్నారాయన. అందరూ నవ్వారు, ఆంటీ కూడా నవ్వింది.

మరుసటి వారం, ఆయన సంతకం పెట్టడం మరచిన పేజీ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వడగాలి వీస్తోంది. సగం ఎత్తిన రేకు తలుపు వెనక, తడి తువ్వాలు తలకు చుట్టుకుని ఆంటీ ఒక్కతే ఉంది. తీరాన పుట్టి, వయసులో ఉన్నప్పుడే ఉప్పెన చూసిన మనిషి.

"సముద్రం ఊళ్లోకొచ్చిన రోజు కూడా మా పాస్టరయ్య చింతపడొద్దనే అన్నాడమ్మాయ్. చింతపడకుండానే చెట్టెక్కాం," అంది. తర్వాత నా చేతిలోని కాగితం వైపు చూసి, "అయిదుగురని రాయి. ఈ రేకుల కింద ఉండలేకపోతన్నా అని రాయి. మావాడికి మాత్రం చెప్పమాక," అంది.

సరే ఆంటీ అన్నాను. రాస్తే ఆయన సంతకం కావాలి, ఆయన చూస్తారు. ఆయన చూస్తే మా వారి పని ఏమవుతుందో తెలియదు, ఆ ఇల్లు వాళ్లకు ఉంటుందో పోతుందో తెలియదు. సాయంత్రం ఆయన సంతకం పెట్టారు, నేను కాగితం ఉన్నదున్నట్టు ఇచ్చేశాను. వేసవి పగళ్లలో ముసలివాళ్లు వెళ్లి కూర్చోవడానికి చల్లని హాలు ఏ వీధుల దగ్గర తెరవాలో స్థానిక కౌన్సిల్ వాళ్లు ఆ కాగితాలను బట్టే నిర్ణయించారు. మా వీధులకు అక్కర్లేదని తేలింది.

ఇక్కడ నడివేసవి అయిన జనవరిలో ఒక మధ్యాహ్నం ఆంటీ ఆ షెడ్డులో పడిపోయింది, ఆసుపత్రి నుంచి మళ్లీ ఇంటికి రాలేదు. ఆ హాలు దగ్గర్లో ఉంటే బతికేదో లేదో దేవునికే తెలుసు. సమాధి దగ్గర ఆమె కొడుకు ఎర్రబడ్డ కళ్లతో నా వైపు తిరిగి, "అమ్మకి ఏ కొదువా చెయ్యలేదు సిస్టర్," అన్నారు. అవును బ్రదర్ అన్నాను. జలప్రళయం తర్వాత ఋతువులు తప్పవని దేవుడిచ్చిన మాటను నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. కానీ ఆ మాట ఆయన భూమికి ఇచ్చాడు, రేకుల షెడ్డుకు ఇవ్వలేదు. అది మనం చూసుకోవలసింది.

ఇప్పుడు క్రాన్‌బర్న్‌లో ఒకప్పటి పచ్చిక బీళ్లు లేవు, అన్నీ ఇళ్లే. సంఘానికి సొంత మందిరం, అందులో ఏసీ. ఇక్కడ పుట్టిన పిల్లలు మైకు ముందు నిలబడి అద్దె కట్టలేకపోతున్నాం, ప్రార్థించండి అని ఇంగ్లీషులో సూటిగా అడుగుతున్నారు, ఎండలకు భయమేస్తోందని కూడా చెబుతున్నారు, ఎవరూ తప్పు పట్టడం లేదు. వాళ్లను చూస్తే నాకు అసూయ.

నా మనవరాలు ఇంకా పెన్ను పట్టుకునే ఉంది. "అవుతుంది, నన్ను కలిపి అయిదు రాయి," అన్నాను. రాసింది. ఆంటీకి అంతమాత్రమైనా చెల్లించాననిపించింది. ఇంతలో మా అమ్మాయి టీ తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. తను ఆఫీసుకు వెళ్లగానే, కరెంటు బిల్లు గుర్తొచ్చి నేను హీటరు ఆపేస్తానని దానికి తెలియదు. పిల్ల తర్వాతి ప్రశ్న చదివింది. "ఇంట్లో వెచ్చగా ఉందా, బిల్స్ వల్ల ఏమైనా ప్రాబ్లమా అమ్మమ్మా?"

మా అమ్మాయి నా ముఖం వైపే చూస్తోంది.

"దేవుని దయవల్ల ఏ కొదువా లేదు," అన్నాను.

పిల్ల ఆ గడిలో టిక్కు కొట్టింది. మా అమ్మాయి నిశ్చింతగా కప్పు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. నేను రెండు అరచేతులూ ఆ కప్పుకు ఆనించి, వేడి ఉన్నంతసేపూ అలాగే కూర్చున్నాను.