క్యాసెట్‌లో అమ్మ నడక

సౌదీలో, అల్ ఖర్జ్ డెయిరీ ఫారంలో నాతో పనిచేసే కేరళ ఇంజినీరు నిన్న కారులో ఏదో పాత జాజ్ సంగీతం పెట్టాడు. లావు తీగల బాస్ వాయిద్యం ధమ్ ధమ్‌మని మొదలవగానే నాకు ఒళ్లు మండింది. బాస్‌కి కొత్త దారి చూపించినవాడి తొలి రికార్డింగులివి అన్నాడతను, గొప్పగా. ఎవడివైతే నాకేం? అది మా అమ్మ నడక.

నా ఆరో ఏట అమ్మ ఇదే సౌదీలో, బురైదాలో ఒకరింట్లో పనికి ఉండేది. ఆ ఇంటివాళ్లు పారేసిన క్యాసెట్ మీదే తన మాటలు రికార్డు చేసి, సెలవుకొచ్చే ఒకామె చేత కడపలో అవ్వ దగ్గరున్న నాకు పంపింది.

"బాగా తింటాండావా నాయనా? అవ్వ మాట ఇంటాండావా? ఇంగ నేను..."

అంతలో టేపులోనే ఎవరో ఆడమనిషి అరబ్బీలో గద్దించి పిలిచేది. అమ్మ మాట టక్కున ఆగిపోయేది. ఆ తర్వాత టేపులో చెరగకుండా మిగిలిన పాత సంగీతం మొదలయ్యేది: ధమ్, ధమ్, ధమ్.

"ఏందిరా ఆ మోత, ఆపు," అనేది అవ్వ.

"ఆపొద్దవ్వా, అమ్మ నడిచొస్తాంది."

రోజూ వినేవాణ్ణి. ఇంతసేపు నడుస్తోంది, ఇంకా ఇల్లు చేరదేమని అమ్మ మీదే కోపం తెచ్చుకునేవాణ్ణి. పిలిచిన ఆ గొంతు మీద ఒక్కనాడూ కోపం రాలేదు.

నిన్న కారులో ఇంజినీరును ఆ సంగీతం ఆపెయ్యమన్నాను. ఒక్క వాక్యం పూర్తి చేయనిస్తే ఆ ఇంటి సొమ్మేం పోయేది? అమ్మ నడిచిన మాట నిజమే. నడిచింది మా వైపు కాదు, ఆ పిలుపు వైపు.