తేనెపిట్ట వినపడని మెకానిక్

“ఏమయ్యా, నీకు చెవుడా?”

ఆరంతస్తుల మేడ డాబా మీద, కుండీలకు నీళ్ళు పోస్తూ రిటైరైన టీచరమ్మ లిఫ్టు మెకానిక్‌ని అడిగిన మాట ఇది. మోటారు గది తలుపు పైన, ఆయన నెత్తికి జానెడు ఎత్తున, వైరు మీద కూర్చుని ఒక తేనెపిట్ట గొంతు చించుకుంటోంది. దాని గూడు అక్కడే ఎక్కడో ఉంది, చూసి నడవమని ఆవిడ హెచ్చరించింది. “ఏ పిట్ట? ఎక్కడ అరుస్తోంది?” అన్నాడు ఆయన. దానికి వచ్చిన జవాబే ఆ ప్రశ్న.

మాట సూటిగా తగిలింది. ఆయన చెవిని నమ్ముకుని బతికిన మనిషి. బేరింగు అరిగిందా, బ్రేకు పట్టేస్తోందా అన్నది గది బయటి నుంచే చెప్పేవాడు. ఆ సాయంత్రం ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

“కాస్త కూర్చోండి. కూర్చుంటే మీ మీద పన్నేమైనా వేస్తారా?” అంది భార్య.

ఆయన కూర్చోలేదు. నిలబడే ఫోనులోకి పిట్టల కూతలు వినిపించే యాప్ ఒకటి దించుకున్నాడు. ఊళ్ళో ఉన్న ప్రతి పిట్టనీ కూతతో గుర్తుపట్టి టీచరమ్మ నోరు మూయించాలని పట్టుదల.

పక్షుల పాటలు వింటే మనసు కుదుటపడుతుందని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళెవరూ ఈయన పక్కన నిలబడి వినలేదు. ఈయన పరీక్షకు చదివినట్టు విన్నాడు, కక్షకొద్దీ విన్నాడు. పద్ధతి కూడా సొంతమే. కంసాలి పిట్ట టుక్కు టుక్కుమంటే, అది కంట్రోలు పెట్టెలో రిలే స్విచ్చు కొట్టుకోవడం. జెముడుకాకి ఊప్ ఊప్‌మంటే, గ్రీజు ఎండిన పెద్ద మోటారు. కోకిల కూత కూతకీ గొంతు పెంచుతుంది కాబట్టి, అది మనుషులెవరూ లేకుండా ఖాళీగా పైకి దూసుకుపోతున్న లిఫ్టు. గోరింకది తలుపు పట్టాలో ఇసుక పడ్డ గొడవ. పొరపాట్లూ జరిగాయి. మూడు వీధులు తిరిగి వెంటాడిన గువ్వ కూత చివరికి పక్కమేడ నీళ్ళ మోటారని తేలింది.

“బావా, పిట్టలకి కూడా సర్వీసింగ్ కాంట్రాక్టు తీసుకున్నావా ఏంటి?” అని బావమరిది ఏడిపించాడు. వాడు ఆయన భార్యకు తమ్ముడు, ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇద్దరిదీ జట్టు పని. బావ డాబా మీద మోటారు గదిలో ఉండి లిఫ్టు నడిపితే, బావమరిది లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి తాళ్ళూ పట్టాలూ చూస్తాడు. ఏదైనా తేడా వస్తే వాడు బజర్ నొక్కాలి, ఈయన టక్కున ఆపాలి.

కాకీ, చిలకా, గువ్వా అన్నీ లొంగాయి. తేనెపిట్ట దగ్గర మాత్రం ఫోను మూగబోయింది. తెర మీద గీతలు ఎగిరి పడుతున్నాయి, శబ్దం లేదు. మెకానిక్ బుర్రకి ముందు తట్టేది ఒకటే, మిషను పాడైంది. ఫోను విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపాడు. లాభం లేకపోతే రిపేరు షాపుకు పోయి కొత్త స్పీకరు వేయించాడు. షాపువాడు తేనెపిట్టని మోగించి, “చూడన్నా, చెవులు గింగురుమంటున్నాయి. ఇంకేం కావాలి?” అన్నాడు. షాపులో ఉన్నవాళ్ళంతా తల తిప్పి ఫోను వైపు చూశారు. ఈయనొక్కడే వాళ్ళ వైపు చూశాడు.

దారిలో ఆయనకి బావమరిది చిరిగిన చొక్కా గుర్తొచ్చింది. కిందటి నెల లిఫ్టు ఆపడం ఆలస్యమై, వాడి చెయ్యి పట్టాకూ గోడకూ మధ్య ఇరుక్కోబోయింది. చొక్కాతో పోయింది. “బజర్ నొక్కి చావొచ్చుగా!” అని తిట్టాడు. “నొక్కాను బావా, వేలు నొప్పెట్టేలా నొక్కాను!” అన్నాడు వాడు. అప్పుడూ ఈయన మిషనునే అనుమానించి వైరు మార్చాడు. పాత బజర్లు బర్రుమనేవి. ఏడాది నుంచి వస్తున్నవి సన్నగా కీచుమంటాయట. ‘అట’ ఎందుకంటే, ఆయన ఒక్కసారి కూడా వినలేదు. ఇన్నాళ్ళూ బావమరిది కేక విని ఆపుతున్నాడన్నమాట.

చెప్పేస్తే వాడి ప్రాణానికి భయం ఉండదు. కానీ చెవి పోయినవాణ్ణి కంపెనీ మోటారు గదిలో ఉంచదు, స్టోర్ రూములో కుర్చీ వేస్తుంది. సినిమా హాల్లో కూడా చివరి వరుస వెనక నిలబడి చూసే మనిషికి కుర్చీ! వారం పాటు చెప్పకుండా నెట్టుకొచ్చాడు. ఏదో ఒక వంక పెట్టి పెట్టె నెత్తిన తనే నిలబడి, వాణ్ణి మోటారు గదిలో ఉంచాడు. “పిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటున్నావేంటి బావా, అక్కేమైనా అందా?” అని వాడు నవ్వాడు.

ఆ వంకలూ అయిపోయిన రోజు, మళ్ళీ అదే డాబా. బావమరిది నడుముకు బెల్టు బిగించుకుంటున్నాడు. వైరు మీద పిట్ట ముక్కు తెరుస్తోంది, మూస్తోంది, గొంతు వణుకుతోంది.

“ఒరేయ్, ఆ పిట్ట అరుస్తోందా?”

“అరవడమా? చెవులు తూట్లు పడుతున్నాయి. ఏం, తోలేయనా?”

“బెల్టు విప్పు. నువ్వు పెట్టె మీదకి దిగొద్దు.”

“ఏమైంది బావా?”

“నాకది వినపడట్లేదు. నీ బజరూ వినపడదు. ఏడాదై ఉంటుంది.”

వాడు చొక్కా చేతిని ఒకసారి తడుముకున్నాడు. నోటికొచ్చిన తిట్టు ఒకటి తిట్టాడు, అది అచ్చు వేసేది కాదు. తర్వాత, “అక్కకి నువ్వే చెప్పు, నా వల్ల కాదు” అన్నాడు.

చెవి డాక్టరు సన్నటి మోతలు వినే శక్తి పోయిందని తేల్చింది. “ఎండా వానా లేని పని, హాయిగా కూర్చోవచ్చు” అని సూపర్‌వైజరు స్టోర్ రూము తాళాలు చేతిలో పెట్టాడు, పెద్ద మేలు చేసినట్టు. ఆయన ఆ కుర్చీ మీద నట్ల డబ్బాలు పేర్చి, అరల మధ్య పచార్లు చేస్తున్నాడు. అడిగిన సామాను అడిగినవాడి కంటే ముందే గుమ్మంలోకి వస్తోంది.

చెవికి మిషను పెట్టించుకున్నాడు. దాంతో ట్యూబులైటు రొద, కాగితం చప్పుడు, పక్కింటివాళ్ళ చెంచాలు అన్నీ మీద పడ్డాయి. తీసేస్తాడు, మళ్ళీ పెట్టుకుంటాడు. తేనెపిట్టని విన్న రోజు, “ఇంతేనా? కప్పీకి నూనె లేనట్టుంది” అన్నాడు. మర్నాడు బావమరిది బజర్ నొక్కుతూ పోతే, ప్రతిసారీ చెయ్యెత్తాడు. అయినా మళ్ళీ పరీక్ష పెట్టేదాకా మోటారు గదిలోకి రానిచ్చేది లేదని కంపెనీ అంది. ఆ పరీక్ష ఎప్పుడో ఇంతవరకూ చెప్పలేదు.

మిషను వాయిదాల మీద కొన్నది. ఇంకా ఏడు వాయిదాలు కట్టాలి.