మోగని ఫోన్లు

బాపట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫోన్లను నేను తెనాలిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని చూసుకునేవాణ్ణి. అక్కడికి వచ్చే కాల్స్ అన్నీ మెట్ల కింద గదిలోని ఒక లినక్స్ సర్వర్‌కి చేరి, అక్కణ్ణుంచి రిసెప్షన్‌కో, వార్డుకో వెళ్లేవి. నేను ఇంటర్నెట్ మీదుగా ముందు ఆసుపత్రి నెట్‌వర్క్‌లో చేరి, అక్కణ్ణుంచి ఆ సర్వర్‌లోకి వెళ్లి పనిచేసేవాణ్ణి. మూడేళ్లలో ఆ ఆసుపత్రి గడప తొక్కింది రెండుసార్లే.

ఒక ఉదయం ఎవరో వరసగా పాస్‌వర్డులు కొడుతూ సర్వర్‌లోకి చొరబడాలని చూస్తున్నట్టు కనిపించింది. ఆసుపత్రి నెట్‌వర్క్ నుంచి తప్ప మరెక్కణ్ణుంచీ ఎవరూ రాకుండా, సర్వర్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్‌లో కొత్త నియమం రాశాను. ఆ నెట్‌వర్క్ నంబరులో ఒక అంకె తప్పు పడింది. మళ్లీ చదువుకోకుండానే ఎంటర్ నొక్కాను. నా స్క్రీన్ కదల్లేదు. నాతోపాటు ఆసుపత్రిలోని ఫోన్లన్నిటికీ సర్వర్ దారి మూసుకుపోయింది. బయటి కాల్స్ మాత్రం టెలిఫోన్ లైను మీద సర్వర్ దాకా వచ్చి అక్కడే ఆగిపోతున్నాయి.

కాసేపటికి రిసెప్షన్‌లోని అమ్మాయి తన సెల్ నుంచి చేసింది.

"సార్, ఏ ఫోనూ మోగట్లేదండి."

"సర్వర్ ఒకసారి ఆపి మళ్లీ వేయమ్మా."

వేసింది. తప్పు నియమం అప్పటికే సేవ్ అయిపోవడంతో లాభం లేకపోయింది. చొక్కా మార్చుకుని స్టేషనుకి పరిగెత్తాను. బాపట్ల చేరి, సర్వర్‌కి కీబోర్డు తగిలించాను. ఆ ఒక్క అంకె మార్చేందుకు నిమిషం కూడా పట్టలేదు. ఫోన్లు మోగడం మొదలైంది.

ఆ మధ్యలో ఎవరెవరు చేశారో చూద్దామని కాల్స్ జాబితా తెరిచాను. ఒకే నంబరు ఐదుసార్లు ఉంది. ఐదుసార్లూ ఎవరూ ఎత్తలేదనే ఉంది. రిసెప్షన్ ఫోన్ నుంచి నేనే ఆ నంబరుకు చేశాను. ఎవరో మగమనిషి ఎత్తాడు.

"ఇప్పుడెందుకండి? మా అన్న పోయాడండి," అన్నాడు.

చనిపోయినాయన రేపల్లె అవతల ఊళ్లో పడవ మీద చేపల వేటకు వెళ్లే మనిషి. అంతకుముందు నెలలో గుండెనొప్పితో ఇదే ఆసుపత్రిలో ఉండి వెళ్లాడు. మళ్లీ నొప్పొస్తే ముందు ఈ నంబరుకు చేయమని చీటీ మీద రాసిచ్చారట.

అప్పుడు ఆయన్ని చూసిన డాక్టరుగారికి జరిగింది చెప్పాను. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఫోన్ ఎత్తినా బతికేవాడని చెప్పలేమండి," అన్నారు.

బతికేవాడు కాదనీ అనలేదు.

పెద్దకర్మ అయ్యాక రేపల్లె రైలెక్కాను. వేమూరు దాటేదాకా దిగి వెనక్కి వెళ్లిపోదామనే అనుకున్నాను. వాళ్ల ఊళ్లో, ఇంటి ముందు చనిపోయినాయన భార్య చాప మీద కూర్చుని ఉంది. పేరు, ఊరు చెప్పుకుని, ఆ రోజు ఫోన్లు మోగకపోవడం నావల్లేనని చెప్పాను. ఆవిడ మరిది నా మీదికి లేచాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"అయితే అక్కడ ఫోన్ మోగనే లేదా బాబూ?"

"లేదమ్మా."

"మోగుతుంటే పట్టించుకోలేదనుకున్నాను. చెవిలో రింగు వినపడుతూనే ఉంది కదా. ఇప్పుడు ఎత్తుతారు, ఇప్పుడు ఎత్తుతారు అని కూర్చున్నాను. ముందే ఆటో పిలవాల్సింది. ఆయన్ని నేనే చంపుకున్నానని ఇన్నాళ్లూ ఏడుస్తున్నాను."

"మీ తప్పేం లేదమ్మా. నాది."

ఆవిడ నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంక వెళ్లు నాయనా," అంది.

ఆసుపత్రివాళ్లు నన్ను మాన్పించలేదు. ఆ పని నేనే వదిలేశాను. ఇప్పుడు ఇంకో రెండు ఆఫీసుల సర్వర్లు చూస్తున్నాను. ఏ నియమం మార్చాలన్నా సర్వర్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టి, సెల్‌లో మాట్లాడుతూనే మారుస్తాను. ప్రతి అంకె పైకి చదువుతాను. చదివాక కూడా ఎంటర్ మీద వేలు వెంటనే పడదు.